మార్గదర్శకం వెనక ఉన్న ఆస్పత్రి

ఫలానా జబ్బుకు ముందుగా ఏ పరీక్ష చేయాలి, ఏ మందు ఎంత మోతాదులో మొదలుపెట్టాలి, ఎన్నాళ్లు వాడాలి, ఏ లక్షణం కనబడితే రోగిని పెద్దాస్పత్రికి పంపాలి? ఇలాంటి ప్రశ్నలకు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను వడపోసి నిపుణులు రాసిపెట్టే సూచనలను చికిత్సా మార్గదర్శకాలు అంటారు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1990లో వీటికి ఒక నిర్వచనం ఇచ్చింది. 2011లో దాన్ని సవరిస్తూ, పరిశోధనలను ఒక పద్ధతి ప్రకారం సమీక్షించాలనీ, ప్రతి చికిత్సకూ ఉన్న మేలునూ కీడునూ తూచి చెప్పాలనీ స్పష్టం చేసింది. బ్రిటన్‌లో 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థకు ఇది ప్రధానమైన పనుల్లో ఒకటి. జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఏటా కొత్త మార్గదర్శకాలు వెలువరిస్తూ ఉంటుంది.

ఒక్క మార్గదర్శకం తయారు కావాలంటే వందల పరిశోధనా పత్రాలు చదవాలి, నిపుణుల బృందం నెలల తరబడి కూర్చోవాలి. దానికి డబ్బూ సమయమూ బాగా ఖర్చవుతాయి. ప్రతి దేశమూ, ప్రతి రాష్ట్రమూ ప్రతి జబ్బుకూ మొదటినుంచీ సొంతంగా రాసుకోవడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. మంచి మార్గదర్శకం ఎక్కడ ఉంటే అక్కడినుంచి తెచ్చుకోవడమే తెలివైన పని. అయితే ఎరువు తెచ్చుకున్న చొక్కా ఒంటికి సరిపోవాలంటే దర్జీ చెయ్యి పడక తప్పదు. పరాయిచోట రాసిన మార్గదర్శకాన్ని స్థానిక ఆస్పత్రులకు, సిబ్బందికి, మందులకు, రోగులకు సరిపడేలా మలచుకోవడాన్నే స్థానికీకరణ అంటారు. చాలామంది అనుకునేటట్టు ఇది అనువాదం పని కాదు, క్లుప్తం చేసే పనీ కాదు.

ప్రతి మార్గదర్శకం వెనకా కాగితం మీద కనబడని ఒక ఆస్పత్రి ఉంటుంది. ‘రోగికి గంటలోగా ఈ మందు ఎక్కించండి’ అని రాసిన నిపుణుడి మనసులో మంచం పక్కన నర్సు ఉంది, గంట గంటకూ బీపీ చూసే యంత్రం ఉంది, పరీక్ష ఫలితం అరగంటలో చెప్పే ల్యాబ్ ఉంది, ఊపిరాడకపోతే పెట్టడానికి వెంటిలేటర్ ఉంది. ఇవన్నీ ఆయనకు గాలీ నీరూ అంత సహజం కాబట్టి వాటిని రాయాలని తోచదు. ఆ కాగితం మరో ఊరు చేరేసరికి సూచన మాత్రమే వస్తుంది, ఆస్పత్రి వెంట రాదు. స్థానికీకరణలో అసలు పని ఆ కనబడని ఆస్పత్రిని వెతికి పట్టుకోవడం. అలా పట్టుకోకపోతే ఏమవుతుందో జాంబియాలో జరిగిన ఒక పరిశోధన చెబుతుంది.

ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరి, దాని ధాటికి అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటారు. అది తీవ్రమైతే బీపీ పడిపోతుంది. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక అత్యవసర విభాగంలో 263 మంది రోగుల మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2001లో వెలువడ్డాయి. మొదటి ఆరు గంటల్లో సెలైన్, బీపీ పెంచే మందులు, అవసరమైతే రక్తం ఒక క్రమం ప్రకారం చకచకా ఎక్కించినప్పుడు మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం ప్రపంచమంతా పాకింది. 2004లో సెప్సిస్ మీద అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. బీపీ పడిపోయిన రోగికి తొలి గంటల్లో ధారాళంగా సెలైన్ ఎక్కించడం అందరూ నేర్చుకునే పాఠమైపోయింది.

జాంబియా రాజధాని లుసాకాలోని యూనివర్సిటీ టీచింగ్ హాస్పిటల్‌లో ఇదే తరహా పద్ధతిని పరీక్షించారు. సెప్సిస్‌తో బీపీ పడిపోయిన 209 మంది పెద్దవాళ్లలో కొందరికి కొత్త క్రమం ప్రకారం ఆరు గంటల్లో ఎక్కువ సెలైన్ ఎక్కించారు, మిగిలినవారికి అక్కడి వైద్యులు మామూలుగా చేసే చికిత్సే చేశారు. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. మామూలు చికిత్స పొందినవారిలో 33 శాతం మంది ఆస్పత్రిలో చనిపోతే, కొత్త క్రమం పాటించిన వర్గంలో 48.1 శాతం మంది చనిపోయారు. డెట్రాయిట్‌లో ప్రాణం పోసిన పద్ధతి లుసాకాలో ప్రాణాలు తీసింది.

లుసాకా రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది, చాలామంది బక్కచిక్కి, రక్తం తక్కువై ఉన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే పెట్టడానికి ఐసీయూ పడకలూ వెంటిలేటర్లూ అరుదు. డెట్రాయిట్‌లో సెలైన్ ఎక్కువై ఆయాసం వస్తే వెంటిలేటర్ ఆదుకుంటుంది. లుసాకాలో ఆదుకునేది లేదు. అంతకు ముందే పిల్లల విషయంలో ఇలాంటి హెచ్చరిక ఒకటి వచ్చింది. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లల మీద చేసిన ఫీస్ట్ అనే పరిశోధన ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. ఒక్కసారిగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో 10.5 శాతం మంది చనిపోగా, అలా ఎక్కించని పిల్లల్లో మరణాలు 7.3 శాతమే. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన పిల్లలను ఆ పరిశోధనలో చేర్చనే లేదు. వాళ్లకు ఓఆర్ఎస్, అవసరమైతే సెలైన్ ఇప్పటికీ ప్రాణాధారమే. ఒక పరిశోధన ఫలితాన్ని అది జరిగిన హద్దు దాటించడం ఎంత తప్పో, ఆ తప్పును దిద్దే పరిశోధనను దాని హద్దు దాటించడమూ అంతే తప్పు.

రెండో ఉదాహరణ పురిటి గదిది. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజిలాండ్ పరిశోధకులు లిగిన్స్, హౌవీ 1972లోనే చూపారు. ధనిక దేశాల్లో ఈ ఇంజెక్షన్ లెక్కలేనంతమంది పసివాళ్లను బతికించింది. ఖరీదు చాలా తక్కువ. అందువల్ల పేద దేశాల్లో పల్లె స్థాయిలో కూడా దీన్ని విరివిగా ఇప్పిస్తే ఎంత మేలో అనిపించడం సహజం. అర్జెంటీనా, గ్వాటెమాలా, భారత్, కెన్యా, పాకిస్తాన్, జాంబియాల్లో సుమారు లక్ష జననాల మీద ఆ ప్రయత్నం జరిగింది. 2015లో వచ్చిన ఫలితం అందరినీ కలవరపెట్టింది. ఇంజెక్షన్లు ప్రోత్సహించిన ప్రాంతాల్లో 28 రోజుల లోపు శిశు మరణాలు మొత్తంమీద తగ్గకపోగా, ప్రతి వెయ్యి జననాలకు 3.5 చొప్పున పెరిగాయి.

నెలలు లెక్కపెట్టడం దగ్గరే చిక్కు మొదలైంది. తొలి నెలల్లో స్కానింగ్ లేని చోట గర్భం వయసు ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. ఇంజెక్షన్ తీసుకున్న తల్లుల్లో చాలామందికి పుట్టినవాళ్లు చిన్న బిడ్డలు కానే కారు. అవసరం లేని బిడ్డకు మందు పడింది. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కూడా పెరిగినట్టు కనబడింది. నెలలు తక్కువ బిడ్డ నిజంగానే పుట్టినప్పుడు వెచ్చగా ఉంచి, ఊపిరికి సాయం చేసే నవజాత శిశు విభాగం చాలాచోట్ల దగ్గరలో లేదు. అంటే ఆ ఇంజెక్షన్ ఎప్పుడూ ఒంటరిగా పనిచేయలేదు. స్కానింగ్, ఇన్‌ఫెక్షన్ పరీక్ష, ప్రసవం చేయించే నైపుణ్యం, శిశు సంరక్షణ అన్నీ కలిసి పనిచేస్తే పేరు మాత్రం ఇంజెక్షన్‌కు వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఇచ్చిన సూచనలో ఈ షరతులన్నీ విడమరచి రాసింది. గర్భం వయసు కచ్చితంగా తెలియాలి, తల్లికి ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు ఆధారం ఉండకూడదు, ప్రసవానికీ పుట్టిన బిడ్డకూ తగిన సంరక్షణ అక్కడ ఉండాలి. తర్వాత భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆస్పత్రుల్లో, స్కానింగ్‌తో నెలలు నిర్ధారించి, ఈ షరతుల మధ్య ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన ఆ ఫలితంలో శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు అదే, దేశాలు చాలావరకు అవే. చుట్టూ ఉన్న ఆస్పత్రి మారింది. స్థానికీకరణ అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే జంట పరిశోధనలు వైద్యంలో అరుదు.

ఇక తెలుగు నేలకు బాగా దగ్గరి విషయం పాముకాటు. 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది చనిపోయి ఉంటారని ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాల్లో సింహభాగం ఎనిమిది రాష్ట్రాలవి. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నారుమళ్లలో, మిరప తోటల్లో, రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లే గట్ల మీద కాటు పడుతుంది. దీనికి విదేశాల్లో మంచి మార్గదర్శకాలు ఉన్నాయి. పాముల దేశమైన ఆస్ట్రేలియాలో కాటుపడిన అవయవానికి కింది నుంచి పై దాకా ఎలాస్టిక్ పట్టీని గట్టిగా చుట్టి కదలకుండా ఉంచడం ప్రథమ చికిత్స. 1979లో సదర్లాండ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన ఈ పద్ధతి అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు.

కానీ ఆస్ట్రేలియాలో పింజర జాతి పాములు లేవు. అక్కడి ప్రమాదకరమైన పాములన్నీ నాగుపాము, కట్లపాము కుటుంబానివి. తెలుగు పొలాల్లో నాగుపాము, కట్లపాముతో పాటు రక్తపింజర, చిన్నపింజర కూడా ఉన్నాయి. పింజర కాటు వేసిన చోట కాలు వాచిపోతుంది, కండ కుళ్లుతుంది. అక్కడ పట్టీ బిగిస్తే విషం ఒకేచోట నిలిచి కాలికే ముప్పు రావచ్చు. కరిచింది ఏ పామో చీకట్లో తెలిసేది తక్కువ. పైగా సరైన ఒత్తిడితో పట్టీ చుట్టడం శిక్షణ లేనివారికి కష్టం. అందుకే 2007లో రూపొందిన జాతీయ ప్రొటోకాల్ వేరే దారి పట్టింది. బాధితుడికి ధైర్యం చెప్పాలి, ఎముక విరిగిన కాలికి బద్ద కట్టినట్టు కదలకుండా కట్టాలి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి, దారిలో కనబడిన మార్పులు వైద్యుడికి చెప్పాలి. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం కూడదు. కొత్త యంత్రం అక్కర్లేని నాలుగు మాటలివి. వాటి వెనక మన పాముల గురించిన జ్ఞానం ఉంది.

రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్దాస్పత్రిలో ల్యాబ్ పరీక్షలు ఉంటాయి. రాత్రి పదింటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో అవి దొరకవు. అక్కడ 20 నిమిషాల పరీక్ష చేస్తారు. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారితే విషం ఒంట్లోకి ఎక్కినట్టే లెక్క, విరుగుడు మొదలుపెట్టాలి. ల్యాబ్ పరీక్షంత నిక్కచ్చిది కాకపోయినా, ఉన్నచోటనే నిర్ణయం తీసుకునే బలం ఇది ఇస్తుంది. అయితే ‘గాజు గొట్టం’ అన్న రెండు మాటల మీదే పరీక్షంతా ఆధారపడి ఉంది. ప్లాస్టిక్ గొట్టంలోనూ, సబ్బు నీళ్లతో కడిగిన గొట్టంలోనూ ఫలితం తప్పు వస్తుంది. ఇప్పుడు ఆస్పత్రులకు సరఫరా అయ్యేవి చాలావరకు ప్లాస్టిక్ గొట్టాలే. కాబట్టి ప్రొటోకాల్‌తో పాటు స్టోరుకు గాజు గొట్టాల ఇండెంటు కూడా వెళ్లకపోతే గోడమీది చార్టు పనికిరాదు.

విరుగుడు మందు సంగతీ అంతే. భారతీయ విరుగుడు ఆ నాలుగు పాములకే పనిచేస్తుంది. దాని తయారీకి విషం ప్రధానంగా తమిళనాడులో ఇరుళ తెగవారి సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం తీరు మారుతుంది. తూర్పు కనుమల్లో కనబడే వెదురు పింజరకు గానీ, బంగాళాఖాతంలో మత్స్యకారుల వలల్లో పడే సముద్రపు పాములకు గానీ ఈ విరుగుడు పనిచేయదు. పాడేరు కొండమీది ఆస్పత్రికీ, ఉప్పాడ తీరంలోని ఆస్పత్రికీ, నల్లగొండ మెట్టలోని ఆస్పత్రికీ ఒకే చార్టు వేలాడదీస్తే, మూడింటిలో రెండుచోట్ల దానికి ఇంకో వాక్యం చేర్చాల్సి ఉంటుంది. స్థానికం అన్న మాట దేశం, రాష్ట్రం దగ్గరే ఆగిపోకూడదనడానికి ఇది మంచి సాక్ష్యం. పిల్లలకు విరుగుడు తగ్గించాలన్న పొరపాటు భావన కూడా చార్టులోనే తొలగిపోవాలి. పాము పిల్లవాడని విషం తగ్గించదు కనుక మోతాదు పెద్దలకెంతో పిల్లలకూ అంతే.

మలచుకోవడంలో చికిత్స మారకుండా క్రమం మాత్రమే మారే సందర్భాలూ ఉంటాయి. జబ్బుపడిన అయిదేళ్లలోపు పిల్లలను పల్లె స్థాయిలో ఎలా చూడాలన్న దానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1990లలో ఒక పద్ధతి రూపొందించాయి. మొదట్లో అందులో పుట్టిన తొలి వారం శిశువులు లేరు. 11 రోజుల శిక్షణలో రెండు నెలల లోపు బిడ్డలకు దక్కింది రెండు రోజులే. భారతదేశంలో శిశు మరణాల్లో సగానికి పైగా తొలి నెలలోనే, అందులోనూ ఎక్కువ తొలి వారంలోనే జరుగుతాయి. కాబట్టి దేశ అవసరానికి మలచినప్పుడు తొలి వారాన్ని చేర్చారు, పసికందులతోనే పాఠం మొదలుపెట్టారు, ఎనిమిది రోజుల శిక్షణలో సగం వాళ్లకే కేటాయించారు. ఇంటికి వెళ్లి శిశువును చూసే బాధ్యత కూడా చేరింది. దానికి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి సాధించిన ఫలితాలు, 1999లో ప్రచురితమైనవి, పెద్ద ఊతమయ్యాయి.

ఈ పద్ధతిని ప్రతి ప్రాంతమూ మలచుకునేటప్పుడు తల్లులు వాడే మాటలనూ, పిల్లలకు పెట్టే తిండినీ సేకరించాలన్న నియమం ఉంది. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గానీ చాలా లోతైనది. ‘ఛాతీ లోపలికి పీల్చుకుపోవడం’ అని పుస్తకం రాస్తుంది. అలా అడిగితే తెలుగు తల్లికి అర్థం కాకపోవచ్చు. ‘డొక్కలు ఎగరేస్తున్నాడా’ అంటే ఏ ఊళ్లోనైనా వెంటనే జవాబు వస్తుంది. న్యుమోనియా తీవ్రతను తేల్చే ప్రశ్న అదే. అలాగే అనుబంధ ఆహారం అన్న చోట ఉగ్గు, పప్పన్నంలో నెయ్యి, గుడ్డు, అరటిపండు అని రాసినప్పుడే ఆశా కార్యకర్త చెప్పే మాట వంటింటి దాకా వెళ్తుంది. గిరిజన ప్రాంతాల్లో కువి, కోయ, గోండి మాట్లాడే తల్లులకు ఈ తెలుగు కూడా పరాయిదే. అక్కడ ఇంకో విడత మలచుకోవాలి.

రక్తపోటు విషయంలో స్థానికీకరణ మందుల గోదాములో మొదలవుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు రక్తపోటుకు మూడు నాలుగు తరగతుల మందులు చెప్పి, ఎంపిక వైద్యుడికి వదిలేస్తాయి. ప్రతి రోగినీ తీరిగ్గా చూసే వైద్యుడికి అది సరే. ఒక్క పూటలో వందమంది వచ్చే పీహెచ్‌సీలో, వైద్యుడు బదిలీ అయినప్పుడల్లా మందు మారిపోతే రోగి మందు మానేస్తాడు. ఏ మందు ఎంత కొనాలో గోదాముకూ తెలియదు. 2017 చివర్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదటి విడతలో కేరళ, పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రతో పాటు తెలంగాణ కూడా ఉంది. ప్రతి రాష్ట్రమూ తన నిపుణులతో చర్చించి ఒక్క పేజీ క్రమాన్ని రాసుకుంది. మొదట ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, నెల తర్వాత బీపీ 140/90 లోపుకు రాకపోతే దానికి ఏది జతచేయాలి, అప్పటికీ రాకపోతే తర్వాతి మెట్టు ఏమిటి అన్నవి అందులో నిర్దిష్టంగా ఉంటాయి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి చవకైన, అందరికీ తెలిసిన మాత్రలు ఎంచుకున్నారు. మెట్లు స్థిరంగా ఉండడంతో ఎంత సరుకు కావాలో లెక్కకట్టి కొనడం, రోగికి నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం సాధ్యమైంది. వైద్యుడి స్వేచ్ఛ తగ్గిందన్న విమర్శ దీనిపై వస్తూ ఉంటుంది. నెల నెలా మాత్ర దొరకడం రోగికి అంతకంటే పెద్ద విషయం.

హద్దు ఎక్కడ గీయాలన్నది కూడా ఇందులో భాగమే. 2017లో అమెరికా వైద్య సంఘాలు రక్తపోటు హద్దును 130/80కి దించాయి. భారత కార్యక్రమం 140/90 దగ్గరే ఉంది. హద్దు కొంచెం దించితే కొత్తగా కోట్లమంది రోగుల జాబితాలోకి వస్తారు, ఉన్న కొద్ది మాత్రలూ వైద్యుడి సమయమూ ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారి నుంచి తక్కువ ప్రమాదంలో ఉన్నవారికి మళ్లుతాయి. ఊబకాయం హద్దు మాత్రం ఎదురు దిశలో జరిగింది. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని ప్రపంచమంతా లెక్క. భారతీయులకు అంతకంటే తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వస్తుంది. అందుకే 2009లో భారతీయ నిపుణులు ఆ హద్దులను 23, 25గా మార్చారు. నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. ఇవాళ ఆశా కార్యకర్త చేతిలోని టేపు కొలిచేది ఆ అంకెలకే.

యాంటీబయాటిక్స్ దగ్గరికి వస్తే స్థానికం అన్న మాట ఇంకా ఇరుకైపోతుంది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి వ్యాపించిన టైఫాయిడ్‌కు, దక్షిణాసియాలో మిగతాచోట్ల ఇప్పటికీ పనిచేసే సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. ఒకే ఊళ్లో రెండు ఆస్పత్రుల ఐసీయూల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా ఒకే మందుకు లొంగకపోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి జాతీయ మార్గదర్శకం ఇచ్చింది గానీ, ఆస్పత్రి తన ల్యాబ్ ఫలితాలను ఏటా పోగుచేసి, ఏ సూక్ష్మజీవికి ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో పట్టిక కట్టుకోనిదే ఆ మార్గదర్శకం సగమే. కల్చర్ పరీక్షలు చేయని ఆస్పత్రికి ఆ పట్టిక ఉండదు. అలాంటిచోట జిల్లా ఆస్పత్రి పట్టికనే చుట్టుపక్కల పీహెచ్‌సీలకు పంచుకోవాలి.

ఈ పనికి పద్ధతులు ఉన్నాయి. 2000ల మధ్యలో కొన్ని దేశాల పరిశోధకులు కలిసి అడాప్ట్ అనే విధానాన్ని 24 అంచెలుగా రూపొందించారు. అంశం ఎంచుకోవడం, ఉన్న మార్గదర్శకాలన్నీ వెతకడం, వాటి నాణ్యతను తూచడం, ఒక్కో సూచనా ఇక్కడికి పనికొస్తుందా అని చూడడం, ముసాయిదాను బయటివారికి చూపడం, ఎప్పుడు సవరించాలో తేదీ రాయడం అందులోని ముఖ్య ఘట్టాలు. నాణ్యత తూచడానికి 23 ప్రశ్నల అగ్రీ అనే కొలబద్ద ఉంది. 2017లో మరింత సరళమైన దారి ప్రచురితమైంది. సౌదీ అరేబియా ఆరోగ్య శాఖ కోసం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో చేసిన పని నుంచి అది వచ్చింది. దాని ప్రకారం ప్రతి సూచన మీదా మూడు తీర్పుల్లో ఒకటి ఇవ్వాలి: ఉన్నదున్నట్టు తీసుకోవడం, మార్చి తీసుకోవడం, కొత్తగా రాసుకోవడం. ఏ తీర్పైనా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాకే ఇవ్వాలి. మేలెంత, కీడెంత, ఆధారం ఎంత గట్టిది, రోగులు దేనికి విలువిస్తారు, ఖర్చెంత, పేదలకు అందుతుందా, సిబ్బంది ఒప్పుకుంటారా, చేయగలరా?

వీటిలో మొదటి మూడింటి జవాబులు చాలావరకు ప్రపంచమంతా ఒకటే, తెచ్చుకోవచ్చు. చివరివి మాత్రం ఆ ఊళ్లోనే తేలాలి. అందుకని కమిటీలో ప్రొఫెసర్లు మాత్రమే కూర్చుంటే సరిపోదు. రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, సబ్‌సెంటర్ ఏఎన్ఎం, ఆ జబ్బును అనుభవించిన రోగి అందులో ఉండాలి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలని ప్రొఫెసర్‌కూ తెలుసు. కరెంటు ఎన్ని గంటలు పోతుందో, ఫ్రిజ్ ఎప్పటినుంచి పనిచేయడం లేదో ఏఎన్ఎంకు తెలుసు. శిక్షణ పొందిన సిబ్బంది, ఇంజెక్షన్ సదుపాయం లేని చోట మిసోప్రోస్టాల్ మాత్ర ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే దారి చూపింది. ఆ దారి ఎక్కడ అవసరమో చెప్పగలిగేది ఏఎన్ఎమ్మే. ఇలా స్థానిక అనుభవంతో మొదలుపెట్టడంలో కేరళ ముందడుగు వేసింది. అక్కడి ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి ప్రతి ప్రసూతి మరణాన్నీ, పేర్లు బయటపెట్టకుండా, తప్పు ఎవరిదని వేలు చూపకుండా సమీక్షిస్తూ వచ్చింది. రక్తస్రావం, అధిక బీపీ పెద్ద కారణాలని తేలాక, బ్రిటన్‌లోని నైస్ సంస్థ సాయంతో ఆ రెండింటికీ రాష్ట్ర ప్రమాణాలు రాసుకున్నారు. ముందు సొంత మరణాలను చదివి, తర్వాత పరాయి పుస్తకం తెరిచారు.

మలచుకోవడం పేరుతో నాణ్యతను తగ్గించే ప్రమాదం కూడా నిజమైనదే. విరుగుడు సీసాలు తక్కువగా ఉన్నాయని ‘ఇక్కడ అయిదు చాలు’ అని రాయడం స్థానికీకరణ కాదు. ఆధారం లేకుండా మోతాదు తగ్గించడం, విరుగుడు ఇంజెక్షన్ పక్కన సిద్ధంగా ఉంచాల్సిన ఎడ్రినలిన్‌ను వదిలేయడం, చేతులు కడుక్కోవడాన్ని వీలును బట్టి అనడం ఏ ప్రాంతానికీ సరికావు. అందుకే మార్చిన ప్రతి వాక్యం పక్కనా ఎందుకు మార్చారో, ఏ ఆధారంతో మార్చారో రాయాలన్నది ఈ పద్ధతులన్నిటిలో ఉమ్మడి నియమం. వసతి లేక మార్చిన సూచనను వసతి వచ్చినరోజు తిరిగి మార్చాలి. కారణం రాసి ఉంటేనే ఆ సంగతి తర్వాతి వైద్యాధికారికి తెలుస్తుంది. వసతి లేదని ప్రభుత్వానికి గుర్తుచేసే పత్రం కూడా అదే అవుతుంది.

భారతదేశంలో ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. కేంద్రం ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చినా, మందులు కొనేదీ సిబ్బందిని నియమించేదీ ప్రధానంగా రాష్ట్రమే. దాంతో చివరి మలుపు ఎప్పుడూ రాష్ట్రం చేతిలో, ఆపైన జిల్లా చేతిలో ఉంటుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ప్రకటించిన జాతీయ ప్రణాళిక అమలు కూడా అలాగే సాగాలి. ఏ మండలంలో ఏ నెలలో కాట్లు ఎక్కువ, ఏ పీహెచ్‌సీలో విరుగుడు ఉంది, కట్లపాము కాటుతో రెప్పలు వాలిపోతున్న రోగిని 108లో పంపితే వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి ఎంతసేపు పడుతుంది, దారిలో ఊపిరి అందించే బ్యాగ్ నొక్కడానికి వెంట ఎవరు వెళ్తారు? వీటికి జవాబులు జిల్లాలోనే ఉన్నాయి. వాటిని చార్టు మీదికి ఎక్కించాక, ఆరు నెలలకోసారి కేసు షీట్లు తీసి, చార్టు చెప్పినదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడుందో చూడాలి.

లుసాకా, ఫీస్ట్ ఫలితాల తర్వాత సెప్సిస్ మార్గదర్శకమూ మారింది. పిల్లల కోసం 2020లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు ముందుగా ఆ ఆస్పత్రికి ఐసీయూ అందుబాటులో ఉందా అని అడుగుతాయి. ఉంటే తొలి గంటలో సెలైన్ విడతలుగా ఎక్కించడానికి ఒక లెక్క ఉంది. ఐసీయూ లేక, బిడ్డ బీపీ కూడా పడిపోకుండా ఉంటే, ఒక్కసారిగా సెలైన్ ఎక్కించవద్దని గట్టిగా చెప్పాయి. పెద్దవాళ్ల కోసం 2021లో వచ్చిన సవరణలో, కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల సెలైన్ అన్న పాత గట్టి ఆదేశాన్ని మెత్తని సూచనగా తగ్గించారు. ఒకప్పుడు కాగితం మీద కనబడని ఆస్పత్రి ఇప్పుడు సూచన మొదటి పంక్తిలోనే ఉంది.